కేబుల్ రంగత్ దాకా వచ్చింది, లెక్క రాలేదు

2020 ఆగస్టు 10న ప్రధానమంత్రి ఢిల్లీ నుంచే వీడియో ద్వారా చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్‌ను ప్రారంభించారు. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, ఖర్చు 1,224 కోట్ల రూపాయలు. కేబుల్ పోర్ట్ బ్లెయిర్ దగ్గర ఆగలేదు. హేవ్‌లాక్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలాండ్‌లతో పాటు మధ్య అండమాన్‌లోని రంగత్‌ను కూడా తాకింది. అప్పటిదాకా ఉపగ్రహం మీద ఆధారపడి, ఒక ఫొటో పంపడానికి కూడా ఎదురుచూసే దీవులవి. కేబుల్ రావడం మంచిదే, అందులో నాకు పేచీ లేదు. పేచీ ఆ తర్వాత మొదలైన పాటతో. ఇప్పుడిక ప్రభుత్వానికీ ప్రజలకూ మధ్య దూరం పోయిందట. ఎవరైనా నేరుగా అడగొచ్చట, జవాబు నేరుగా వస్తుందట.

ఈ పాటకు మన విశ్వవిద్యాలయాల్లో సిలబస్ కూడా ఉంది. జర్నలిజం శాఖల్లో పౌర సంబంధాల పేపరు చదివినవాళ్లందరికీ గ్రూనిగ్, హంట్ పేర్లు తెలుసు. 1984లో వాళ్లు నాలుగు నమూనాలు చెప్పారు. అడుగున ఉన్నది ఒట్టి ప్రచారార్భాటం, దాని మీద సమాచారం అందించడం, ఆ పైన జనం నాడి తెలుసుకుని తనవైపు తిప్పుకోవడం, అన్నిటికన్నా పైన సంస్థా ప్రజలూ సమానంగా మాట్లాడుకుని ఇద్దరూ మారడం. బ్లాగులు వచ్చినప్పుడు, తర్వాత ఫేస్‌బుక్, ట్విట్టర్ వచ్చినప్పుడు, ఆ నాలుగో మెట్టు ఎక్కేశామని వ్యాసాలు కుప్పలుగా వచ్చాయి. వ్యాఖ్యల పెట్టె తెరిచారు కాబట్టి సంభాషణ మొదలైపోయిందన్నారు. ఏప్రిల్ 14న మనం జయంతి చేసుకున్న వారానికే, ఏప్రిల్ 21న, జాతీయ పౌర సంబంధాల దినోత్సవం వస్తుంది. ఏటా ఆ వేదికల మీద ఇదే మాట వినిపిస్తుంది. అసలు ఈ వృత్తి పుట్టుక ఆ వేదికల మీద పెద్దగా వినిపించదు. 1914లో అమెరికాలోని లడ్‌లోలో సమ్మె చేస్తున్న గని కార్మికుల గుడారాల మీద దాడి జరిగి ఆడవాళ్లూ పిల్లలూ చనిపోయారు. ఆ తర్వాత రాక్‌ఫెల్లర్ల తరఫున బులెటిన్లు రాసి పంచిన ఐవీ లీనే ఈ వృత్తికి ఆద్యుల్లో ఒకడిగా పాఠాల్లో చదువుకుంటాం.

సోషల్ మీడియా పౌర సంబంధాలను మార్చింది, నిజమే. కానీ సంభాషణగా మార్చలేదు. సమూహం అడిగిన ప్రశ్నను వ్యక్తి చేసిన ఫిర్యాదుగా విడగొట్టే పనిని అది తేలిక చేసింది. పాత పద్ధతిలో ప్రకటన పత్రికాఫీసుకు వెళ్లేది. అక్కడ అడ్డంగా ఒక విలేకరి ఉండేవాడు. ఆ విలేకరి ఏ కులంవాడో, ఎవరి ఇంట్లో భోంచేసేవాడో మనకు తెలుసు, ఆ వ్యవస్థ మీద నాకేం మోజు లేదు. అయినా అతను ఒక ప్రశ్న వేస్తే అది అచ్చయ్యేది, అచ్చయినది నలుగురిదీ అయ్యేది. ఇప్పుడు శాఖే పత్రిక, అధికారే సంపాదకుడు. మన ప్రశ్న అతని పేజీ కింద, అతని ఇంట్లో పెట్టిన పీట మీద కూర్చుంటుంది. ఎప్పుడు లేవమంటే అప్పుడు లేవాలి.

ఇదంతా రంగత్‌లో ఎందుకు బాగా కనిపిస్తుందో చెబుతాను. అండమాన్ నికోబార్‌కు శాసనసభ లేదు. లోక్‌సభలో ఒక్క సభ్యుడు, పైన లెఫ్టినెంట్ గవర్నర్. నిలదీయడానికి ఎమ్మెల్యే లేని చోట పాలనా యంత్రాంగం చెప్పుకునే మాటకు ఎంత బరువుంటుందో ఊహించండి. కేబుల్‌కు చాలా ముందు నుంచే ఇక్కడ ప్రభుత్వం సొంతంగా 'డైలీ టెలిగ్రామ్స్' అనే దినపత్రికను నడుపుతోంది. మిగతా దేశం సోషల్ మీడియా వచ్చాక చూస్తున్న 'శాఖే పత్రిక' పద్ధతి ఈ దీవులకు పాతదే. కొత్తగా వచ్చింది వేగం, బొమ్మలు, చేతిలో పట్టే తెర.

ఆ తెర మీద రంగత్ ఎలా ఉంటుంది? ఆమ్‌కుంజ్ బీచ్, ధనీనాలా మడ అడవి మధ్య చెక్క బాట, కత్‌బర్ట్ బే తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్లు, పంచవటి జలపాతం. అన్నీ ఉన్నవే, అందమైనవే. తాబేలుకు ఉన్న పలుకుబడి మనిషికి లేదు, అంతే. ఊళ్ల పేర్లు చూడండి: దశరథ్‌పూర్, జనక్‌పూర్, మిథిల, ఊర్మిళాపూర్, పర్ణశాల, పంచవటి, శబరి. పర్ణశాల అంటే మనకు భద్రాచలం పక్కన గోదావరి ఒడ్డు గుర్తొస్తుంది, ఇక్కడ బంగాళాఖాతం అవతల ఇంకొకటి ఉంది. రామాయణంలోని పాత్రలకూ చోట్లకూ ఊళ్లు దక్కాయి. శంబూకపురం మాత్రం నాకు కనబడలేదు. సోషల్ మీడియా పుట్టకముందు చేసిన పౌర సంబంధాల పని ఇది. అడవి కొట్టించి, ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన జనాన్ని అందులో నిలబెట్టి, వాళ్ల నేలకు ఎవరి కథలోని పేర్లు పెట్టాలో పైవాళ్లు నిర్ణయించారు.

ఎవరా జనం? 1949 నుంచి ప్రభుత్వం తూర్పు బెంగాల్ కాందిశీకులను ఓడల్లో అండమాన్‌కు తరలించింది. ముందు దక్షిణ అండమాన్‌కు, 1950ల్లో మధ్య, ఉత్తర అండమాన్‌లకు. వాళ్లలో ఎక్కువమంది నామశూద్రులు. ఈ పేరు మనకు కొత్త కాకూడదు. 1946లో బొంబాయి దారులు మూసుకున్నప్పుడు బాబాసాహెబ్ రాజ్యాంగ సభకు వెళ్లింది బెంగాల్ నుంచి. దాని వెనక ఉన్నది జోగేంద్రనాథ్ మండల్, నామశూద్రుల రాజకీయ బలం. రాజ్యాంగం రాసిన మనిషిని ఆ సభలోకి పంపిన కులం అది. పశ్చిమ బెంగాల్‌లో నామశూద్రులు షెడ్యూల్డ్ కులం. అదే కులంవాడు ఓడెక్కి రంగత్‌లో దిగితే కాడు. ఓబీసీ గుర్తింపుతో సరిపెట్టుకోవాలి. ఎందుకంటే అండమాన్ నికోబార్‌కు రాజ్యాంగంలోని 341వ అధికరణం కింద నోటిఫై చేసిన షెడ్యూల్డ్ కులం ఒక్కటి కూడా లేదు. 2011 జనాభా లెక్కల్లో దీవుల జనాభా 3,80,581. ఎస్సీల గడిలో ఏమీ లేదు.

అడవులు నరికి, రోడ్లు వేయడానికి ఛోటానాగ్‌పూర్ నుంచి తెచ్చిన ఉరావ్, ముండా, ఖరియా కూలీలను దీవుల్లో ఒకే మాటతో 'రాంచీలు' అంటారు. తెగ పేరు పోయి, బండెక్కిన ఊరి పేరు మిగిలింది. 1959 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో అండమానీలు, జారవాలు, నికోబారీలు, ఓంగీలు, సెంటినలీలు, షోంపెన్‌లు ఉన్నారు. సరైనదే, ఆ నేల వాళ్లది. కానీ జార్ఖండ్‌లో ఆదివాసీ అయిన ఉరావ్ ఇక్కడ ఎవరూ కాడు. శబరి పేరుతో ఊరుంది, శబరి పిల్లలకు పత్రం లేదు.

మన తెలుగువాళ్లు? 2011 లెక్కల్లో దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 13 శాతం. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకూ, కూలిపనికీ, కట్టడాల పనికీ విశాఖ ఓడెక్కి వెళ్లినవాళ్లూ వాళ్ల పిల్లలూ అందులో ఎంతోమంది. వాళ్లలో మాల, మాదిగ కుటుంబాలు ఎన్నో చెప్పే ప్రభుత్వ లెక్క లేదు, ఎందుకంటే అక్కడ ఆ గడే లేదు. ఊరు మారితే కులం మారదు, షెడ్యూలు మారుతుంది. ఈ సూత్రాన్ని 1990లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ కేసు పేరు కూడా తెలుగే: మర్రి చంద్రశేఖరరావు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ అయిన కుర్రాడు మహారాష్ట్రలో మెడికల్ సీటు అడిగితే, నీ హోదా నీతో ప్రయాణించదని కోర్టు చెప్పింది. 2018లో రాజ్యాంగ ధర్మాసనం కూడా ఆ మూలసూత్రాన్ని నిలబెట్టింది. వలస వచ్చినవాడు సొంత రాష్ట్రం ఇచ్చిన పత్రంతో కేంద్ర ఉద్యోగానికి పోటీపడొచ్చు, నిజమే. దీవుల్లో పుట్టి, దీవుల్లో చదివి, తాత ఊరు శ్రీకాకుళం జిల్లాలో ఎక్కడో తెలియని మూడో తరం పిల్ల ఏ తహశీల్దారు దగ్గరికి వెళ్లాలి?

ఆ పిల్ల చేతిలోనూ ఇప్పుడు ఫోనుంది. అధికారిక పేజీ కింద 'సార్, మా వీధిలో నీళ్లు రావడం లేదు' అని రాస్తే జవాబు రావచ్చు. రెండు చేతులు జోడించిన బొమ్మతో 'సంబంధిత విభాగానికి పంపాం' అని రావచ్చు, నీళ్లు కూడా రావచ్చు. దీన్ని నేను తీసిపారేయను. ఎండలో కార్యాలయం మెట్లెక్కి దిగినవాళ్లకే దాని విలువ తెలుస్తుంది. అదే పిల్ల 'సార్, ఈ దీవుల్లో ఎస్సీ జాబితా ఎందుకు లేదు?' అని రాస్తే ఏ విభాగానికి పంపుతారు? ఆ ప్రశ్నకు టికెట్ నంబరు ఇవ్వలేరు. మీ పేరు, ఫోను నంబరు ఇన్‌బాక్స్‌లో పంపండి అనలేరు. ఫిర్యాదు వ్యక్తిదిగా ఉన్నంతసేపూ పౌర సంబంధాల యంత్రం పరుగెత్తుతుంది. అది వర్గం అడిగే ప్రశ్న అయిన మరుక్షణం ఆగిపోతుంది. లేదా ఎదురు తిరుగుతుంది.

ఎలా తిరుగుతుందో 2020 ఏప్రిల్‌లో చూశాం. అండమాన్‌లో జుబేర్ అహ్మద్ అనే పాత్రికేయుడు, కోవిడ్ రోగులతో ఫోనులో మాట్లాడినందుకే కుటుంబాలను ఇంటి నిర్బంధంలో ఎందుకు పెడుతున్నారో చెప్పమని ట్విట్టర్‌లో అడిగారు. అడిగింది అధికారుల ఖాతానే ఉద్దేశించి. పాఠ్యపుస్తకం చెప్పినట్టు, నేరుగా. వచ్చిన జవాబు అరెస్టు.

అదే నెలలో, ఓడ బయల్దేరే ఇవతలి ఒడ్డున, విశాఖ జిల్లా నర్సీపట్నం ఆసుపత్రిలో మత్తు డాక్టరు సుధాకర్, దళితుడు, వైద్యులకు ఎన్95 మాస్కులు లేవని అన్నారు. ఆ వీడియో ఫోన్ల మీద రాష్ట్రమంతా తిరిగింది. ఆయన అడిగింది తనకొక మాస్కు కాదు, ఆసుపత్రి సిబ్బంది అందరి సంగతి. సస్పెండ్ చేశారు. మేలో విశాఖ రోడ్డు మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి కట్టి, పోలీసులు ఆయన్ను లాక్కెళ్లిన దృశ్యం కూడా ఫోన్ల మీదే తిరిగింది. తాగి గొడవ చేశాడన్నారు. మానసిక వైద్యశాలకు పంపారు. హైకోర్టు సీబీఐ విచారణ వేసింది. 2021 మేలో ఆయన చనిపోయారు. ఇక్కడ ఏం జరిగిందో పౌర సంబంధాల విద్యార్థులు జాగ్రత్తగా చూడాలి. మొదటి వీడియోలోని ప్రశ్న మాస్కుల గురించి. రెండో వీడియో వచ్చాక రాష్ట్రమంతా చర్చించింది సుధాకర్ గురించి: తాగాడా, పిచ్చా, ఏ పార్టీవాడు. ప్రశ్న మాయమై మనిషి మిగిలాడు, ఆ మనిషినీ మిగలనివ్వలేదు. దీనికి పెద్ద ప్రచార సంస్థ అక్కర్లేదు. అధికారి నోట ఒక మాట, దాన్ని పట్టుకుని మోసే వెయ్యి ఖాతాలు చాలు.

రోహిత్ వేముల విషయంలోనూ ఇదే పని, ఎనిమిదేళ్లు సాగింది. 2016 జనవరి 17న అతని చివరి ఉత్తరం దేశమంతా చదివింది. సోషల్ మీడియా మనకు చేసిన మేలు అది, మర్చిపోను. పాత రోజుల్లో అయితే ఆ ఉత్తరం స్థానిక పేజీలో నాలుగు వాక్యాల వార్తలో ఇమిడిపోయేది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఏం చేసింది, మంత్రుల లేఖలు ఎందుకు వచ్చాయి అన్న ప్రశ్న కొన్ని రోజులపాటు దేశం నోట నిలిచింది. ఆ తర్వాత దాన్ని మెల్లగా తిప్పారు: 'అతను అసలు దళితుడేనా?' 2024 మేలో తెలంగాణ పోలీసులు కోర్టుకిచ్చిన ముగింపు నివేదిక కూడా అక్కడే వచ్చి వాలింది, అతను ఎస్సీ కాదని. నిరసన లేచాక మళ్లీ దర్యాప్తు అన్నారు. ఒక సంస్థ మీద వేసిన ప్రశ్న ఒక తల్లి కులపత్రం మీద విచారణగా మారింది. రంగత్‌లో పత్రం ఇవ్వకుండా చేసే పనిని హైదరాబాద్‌లో ఇచ్చిన పత్రాన్ని ప్రశ్నించి చేశారు.

వేదికల యజమానులు దీనికి అతీతులనుకునేవాళ్లకు 2018 నవంబరు గుర్తు చేయాలి. ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీ మన దేశానికి వచ్చి మహిళా పాత్రికేయులు, కార్యకర్తలతో ఫొటో దిగారు. చేతిలో బ్రాహ్మణీయ పితృస్వామ్యాన్ని కూలగొట్టమనే పోస్టరు, ఒక దళిత కార్యకర్త ఇచ్చిన కానుక. ఒక్క రోజు గోల సరిపోయింది. హైదరాబాద్‌లో పుట్టి ఆ కంపెనీ న్యాయ విభాగానికి అధిపతి అయిన విజయ గద్దె క్షమాపణ చెప్పారు, అది తమ అభిప్రాయం కాదని. ఆ క్షమాపణ ఎవరికి? ఆ వేదిక మీద రోజూ కులం పేరుతో తిట్లు తింటున్న మన ఆడపిల్లలకు మాత్రం కాదు. 'ప్రజలు' అన్న మాటలో ఎవరు ఉంటారో, ఎవరు ఉండరో కంపెనీకి బాగా తెలుసు. దాన్ని తెలుసుకోవడమే పౌర సంబంధాల వృత్తి.

ఇక ఇప్పుడు ప్రభుత్వాలు పొగిడేవాళ్లకు ధర కూడా కట్టాయి. 2024 ఆగస్టులో ఉత్తరప్రదేశ్ మంత్రివర్గం ఆమోదించిన డిజిటల్ మీడియా విధానంలో, ప్రభుత్వ పథకాలను ప్రచారం చేసే యూట్యూబ్ వాళ్లకు నెలకు 8 లక్షల దాకా ఇచ్చే ఏర్పాటుంది. విలేకరికి ఇచ్చే కవరు రహస్యంగా ఉండేది. ఇది గెజిట్ భాషలో ఉంది.

మాట్లాడే వీలు అసలే లేనివాళ్ల సంగతి ఇంకో మెట్టు కింద. పోర్ట్ బ్లెయిర్ నుంచి రంగత్‌కు రోడ్డున రావాలంటే జారవాల అడవి మధ్య నుంచి రావాలి. ఆ రోడ్డును మూసేయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది, ఇప్పటికీ వాహనాలు బారులు తీరి వెళ్తూనే ఉన్నాయి. జారవాలను ఫొటో తీయడం నేరం. అయినా 2012లో, తిండి కోసం జారవా ఆడవాళ్లను నాట్యం చేయమంటున్న వీడియో ప్రపంచమంతా చూసింది. 2025 మార్చిలో ఒక అమెరికన్ కెమెరాతో నార్త్ సెంటినల్ దీవిలో దిగి, కొబ్బరికాయ, కూల్‌డ్రింక్ డబ్బా పెట్టి వచ్చి అరెస్టయ్యాడు. గుర్తింపు ఉన్న తెగ తెర మీద దృశ్యం, గుర్తింపు లేని తెగ తెర వెనక కూలీ. రెండు సందర్భాల్లోనూ మాట మాత్రం వాళ్లది కాదు.

'అయితే మనం సోషల్ మీడియా వదిలేయాలా?' అని మన కుర్రాళ్లు అడుగుతారు. వదిలేస్తే ఇంకేమన్నా ఉందా. 1920లో 'మూక్‌నాయక్' ప్రకటనను డబ్బిస్తామన్నా 'కేసరి' వేయలేదు. ఈ రోజు మన ప్రకటన వేయమని ఎవరినీ బతిమాలక్కర్లేదు, అది చిన్న మార్పు కాదు. హైదరాబాద్‌లో మొదలైన దళిత్ కెమెరా లాంటివి ఆ తలుపులోంచే వచ్చాయి. నా కోపం మన తృప్తి మీద. ఒక హ్యాష్‌ట్యాగ్ రెండు గంటలు పైన నిలిస్తే గెలిచామనుకుంటున్నాం, మంత్రి ఖాతా జవాబిస్తే స్క్రీన్‌షాట్ తీసి పండగ చేసుకుంటున్నాం. బాబాసాహెబ్ పత్రిక పెట్టడానికి ఏడాది ముందే, 1919లో, సౌత్‌బరో కమిటీ ముందు లెక్కలతో సాక్ష్యం చెప్పారు. 1928లో సైమన్ కమిషన్ ముందూ అంతే. పత్రికలో రాసిన మాటకు వెనక ఒక కమిటీ జవాబివ్వక తప్పని కాగితం ఉండేది. మన పోస్టుల వెనక ఆ కాగితం ఏది?

రంగత్ విషయంలో ఆ కాగితానికి ఇప్పుడు సమయం వచ్చింది. 2025 ఏప్రిల్ 30న కేంద్రం రాబోయే జనగణనలో కులాన్ని లెక్కిస్తామని ప్రకటించింది. లెక్కకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఇన్నాళ్లూ ఆ ప్రాంతపు జాబితాలో ఉన్న కులమైతేనే గడిలో పడేది, జాబితా లేదు కాబట్టి అండమాన్‌లో సున్నా. కులం పేరే అడిగితే నామశూద్ర, మాల, మాదిగ అన్న మాటలు ఆ దీవుల లెక్కల్లోకి వచ్చే అవకాశం ఉంది. దానికి ముందే జరగాల్సిన ప్రచారం ఒకటుంది, దాన్ని ఏ అధికారిక పేజీ చేయదు: అడిగినప్పుడు 'బెంగాలీ', 'తెలుగు', 'రాంచీ' అని ఆగొద్దు, కులం పేరు, తెగ పేరు చెప్పండి అని. మూడు భాషల్లో నిమిషం నిడివి వీడియోలు. హైదరాబాద్‌లో, విశాఖలో మీడియా చదువుతున్న మన పిల్లలు ఒక వారంలో చేయగలరు. రంగత్‌లో చూడగలరు, కేబుల్ ఉంది కదా.

ఆ పక్కనే సమాచార హక్కు దరఖాస్తులు వేయాలి. 341వ అధికరణం కింద అండమాన్ జాబితా కోసం పాలనా యంత్రాంగం కేంద్రానికి ఎప్పుడైనా ప్రతిపాదన పంపిందా, పంపితే ఏమైంది, పంపకపోతే ఏ ఫైలులో ఏ కారణం రాశారు. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబివ్వాలి, చేతులు జోడించిన బొమ్మతో కాదు, సంతకంతో. పౌర సంబంధాల మీద పీహెచ్‌డీలు చేస్తున్నవాళ్లకు ఒక మనవి: ఫలానా శాఖ ట్విట్టర్ అనుచరుల సంఖ్య ఎంత పెరిగింది అన్న పట్టికలు ఇప్పటికే చాలా ఉన్నాయి. ఒక అధికారిక పేజీ తీసుకుని, ఏ ప్రశ్నలకు జవాబు వచ్చింది, ఏవి అలాగే ఉండిపోయాయి, ఏవి తుడిచేశారు, అడిగినవాళ్లు ఎవరు అని ఏడాదిపాటు రాసిపెట్టండి. ఆ జాబితా చేతిలో పెట్టుకుని అప్పుడు నాలుగో నమూనా గురించి మాట్లాడదాం. లెక్కలవాళ్లు 2027 ఫిబ్రవరిలో దశరథ్‌పూర్, ఊర్మిళాపూర్ గుమ్మాలు ఎక్కేలోగా దరఖాస్తులైనా పడాలి.